కరెంటు పోతే రైలు ఏం చేస్తుంది? అతి పెద్ద చీకట్లు, అతి పాత ఆనకట్టలు, అతి దూరం పోయే బ్యాటరీలు

అల్ఫారెట్టాలో రైలు స్టేషన్ లేదు. టెక్నాలజీ కంపెనీలున్నాయి, డేటా సెంటర్లున్నాయి, వేల తెలుగు కుటుంబాలున్నాయి. రైలెక్కాలంటే మాత్రం కారులో దక్షిణానికి సుమారు 10 మైళ్లు పోవాలి. అయితేనేం! ఆ దారి చుట్టుపక్కలే కరెంటు రైళ్ల విశేషాలు గుట్టలుగా పడి ఉన్నాయి. గ్రిడ్‌లో కరెంటు తరిగినా, తెగినా, తూలినా రైళ్లు ఎలా నెగ్గుకొస్తాయి? ఎవరిది అతి పెద్ద చీకటి, ఎవరిది అతి పాత ఏర్పాటు, ఎవరిది అతి తెలివైన ఉపాయం? అల్ఫారెట్టా పొరుగున మొదలుపెట్టి హైదరాబాద్, విశాఖ, టోక్యో, లండన్ దాకా చుట్టి వద్దాం.

అతి దగ్గరి పట్టాలు

నార్త్ స్ప్రింగ్స్! అట్లాంటా మార్టా రైలు రెడ్ లైన్‌కు ఉత్తరాన చిట్టచివరి స్టేషన్ ఇదే. 2000 డిసెంబరు 16న తెరుచుకుంది. మార్టా మొత్తం నిడివి 48 మైళ్లు, స్టేషన్లు 38. రైలుపైన తీగ కనిపించదు. పట్టాల పక్కనే సాగే థర్డ్ రైల్‌లో 750 వోల్టుల డీసీ కరెంటు పారుతుంది. అమెరికాలో ఇంటి ప్లగ్గులో వచ్చేది 120 వోల్టులు. అంటే ఆరు రెట్లకు పైమాటే!

నూరేళ్ల మీద ఒక్క నెల

ప్రపంచంలో మొట్టమొదట జనాన్ని ఎక్కించుకున్న కరెంటు రైలు 1879 మే 31న బెర్లిన్ ప్రదర్శనలో కదిలింది. చేసింది వెర్నర్ ఫాన్ సీమెన్స్. గుండ్రటి పట్టా పొడవు 300 మీటర్లు, బుల్లి పెట్టెలు 3, నాలుగు నెలల్లో ఎక్కినవారు సుమారు 90 వేలు. అప్పటికి ఊరికి గ్రిడ్ లేదు. రైలు కోసమే డైనమో తిప్పారు. మార్టా తొలి రైలు 1979 జూన్ 30న నడిచింది. రెండింటి మధ్య దూరం సరిగ్గా నూరేళ్ల మీద ఒక నెల!

ఇంకా నడుస్తున్న అతి పాతది

ఇంగ్లండ్‌లో బ్రైటన్ సముద్రతీరాన వోల్క్స్ ఎలక్ట్రిక్ రైల్వే 1883 ఆగస్టు 4న మొదలైంది. ఈనాటికీ జనాన్ని తిప్పుతోంది. మన దేశంలో తొలి కరెంటు రైలు బొంబాయి వీటీ నుంచి కుర్లాకు 1925 ఫిబ్రవరి 3న నడిచింది, అంటే 41 ఏళ్లకు పైగా వెనుక. దక్షిణాదిలో మొదటిది మద్రాసు బీచ్ నుంచి తాంబరం దాకా, 1931 మే 11న.

అల్ఫారెట్టాకు అతి పాత పొరుగు

మోర్గన్ ఫాల్స్ ఆనకట్ట! నార్త్ స్ప్రింగ్స్ స్టేషన్‌కు కొద్ది మైళ్ల దూరంలో, శాండీ స్ప్రింగ్స్ దగ్గర చట్టహూచీ నది మీద ఉంది. పూర్తయింది 1904లో. ఎందుకు కట్టారో తెలుసా? అట్లాంటా వీధుల్లో ట్రాములు నడపడానికి! నేటి సామర్థ్యం 16.8 మెగావాట్లు. మన శ్రీశైలం కుడి, ఎడమ కేంద్రాలు కలిపి 1,670 మెగావాట్లు. అందులో ఇది నూరో వంతు. ఆ బుల్లి కేంద్రమే ఆనాడు ఒక నగరాన్ని కదిలించింది.

లోయలోంచి వచ్చిన కరెంటు

ట్రాములు పెరిగాయి, మోర్గన్ ఫాల్స్ చాలలేదు. ఉత్తర జార్జియా కొండల్లో టల్లులా లోయ దగ్గర మరో ఆనకట్ట లేచింది. అక్కడ కరెంటు ఉత్పత్తి 1913లో మొదలైంది. నీరు 600 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. 72 మెగావాట్లు! కట్టిన కంపెనీ పేరు జార్జియా రైల్వే అండ్ పవర్. రైలూ దానిదే, కరెంటూ దానిదే. ఈనాటి జార్జియా పవర్‌కు ఇది పూర్వీకురాలు. అట్లాంటా పాత ట్రాములు 1949లో ఆగిపోయాయి. ఆనకట్ట మాత్రం ఇప్పటికీ కరెంటు ఇస్తూనే ఉంది.

అతి పెద్ద అణుబలం

జార్జియాలోనే వేన్స్‌బరో దగ్గర వోగ్టల్ కేంద్రం ఉంది. 2023 జూలై 31న మూడో యూనిట్, 2024 ఏప్రిల్ 29న నాలుగో యూనిట్ వాణిజ్య ఉత్పత్తికి వచ్చాయి. మొత్తం 4,500 మెగావాట్లకు పైన. అమెరికా మొత్తంలో ఇంతకంటే పెద్ద అణు విద్యుత్ కేంద్రం లేదు. శ్రీశైలాలు రెండున్నర కలిపినా దీనికి సరిపోవు. మోర్గన్ ఫాల్స్‌లాంటివైతే 260కి పైగా కావాలి!

పొరుగు రాష్ట్రంలో అతి అరుదైన కోత

జార్జియాకు ఉత్తరాన టెనెసీ. అక్కడ కరెంటు ఇచ్చే టీవీఏ సంస్థ 1933లో పుట్టింది. దాదాపు 90 ఏళ్లలో ఒక్కసారి కూడా వంతులవారీ కోతలు పెట్టలేదు. 2022 డిసెంబరు 23, 24 తేదీల్లో విరుచుకుపడిన మంచు తుఫాను ఆ రికార్డును చెరిపేసింది. చలికి వాడకం ఆకాశానికెక్కింది, కొన్ని కేంద్రాలు గడ్డకట్టి ఆగిపోయాయి. అమెరికాలో కోత ఉండదన్న ధీమా ఆ రెండు రోజుల్లో కరిగింది.

అతి రద్దీ బుల్లి రైలు, అతి పొడవైన 11 గంటలు

అట్లాంటా విమానాశ్రయం నేల కింద ప్లేన్ ట్రెయిన్ పరుగెడుతుంది. పుట్టింది 1980లో. డ్రైవర్ ఉండడు. విమానాశ్రయాల్లోని ఇలాంటి రైళ్లలో ప్రపంచంలోనే అత్యంత రద్దీ దీనిదే. 2017 డిసెంబరు 17 మధ్యాహ్నం ఒంటి గంట దాటాక నేలకింది విద్యుత్ గదిలో మంటలు లేచాయి. మంట అసలు లైన్లతో ఆగలేదు, పక్కనే ఉన్న ప్రత్యామ్నాయ లైన్లను కూడా కాల్చేసింది. ప్రపంచంలో అతి రద్దీ విమానాశ్రయం సుమారు 11 గంటలు చీకట్లో మునిగింది. వెయ్యికి పైగా విమానాలు రద్దు! రైలు ఆగిన సొరంగంలో జనం ఫోన్ లైట్లు పట్టుకుని నడిచారు. పాఠం ఒక్కటే: రెండో దారి మొదటి దారి పక్కనే ఉండకూడదు.

అతి లోతు, అతి కష్టమైన మెట్లు

అట్లాంటాలో పీచ్‌ట్రీ సెంటర్ స్టేషన్ వీధికి సుమారు 120 అడుగుల కింద, రాతిని తొలిచి కట్టింది. అంటే రెండు తాటిచెట్ల లోతు! ఎస్కలేటర్ పొడవు దాదాపు 190 అడుగులు. కరెంటు లేకుంటే అంతా కాళ్ల మీదే ఎక్కాలి. మరి ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని ఆర్సెనాల్నా? 105.5 మీటర్లు, అంటే దాదాపు ఆరు తాటిచెట్లు! ప్రపంచంలో అతి లోతైన మెట్రో స్టేషన్‌గా చాలాకాలం దీని పేరే చెప్పుకున్నారు.

ఆగినా పనికొచ్చిన మెట్రో

అదే కీవ్. 2022 డిసెంబరు 16న క్షిపణులు విద్యుత్ కేంద్రాలను కొట్టాయి. మెట్రో రైళ్లు రోజంతా ఆగాయి. స్టేషన్లు మాత్రం తెరిచే ఉన్నాయి. లోపల జనం తలదాచుకున్నారు. ఆ చలికాలంలో ఉక్రెయిన్ రైల్వే కరెంటు ఇంజిన్లను విప్పి డీజిల్ ఇంజిన్లు తగిలించి ప్రయాణికుల రైళ్లను కదిలించింది. యుద్ధంలోనూ ఆ బండి ఆగలేదు.

చరిత్రలో అతి పెద్ద చీకటి

2012 జూలై 31! మన దేశంలో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు ఒక్కసారిగా కుప్పకూలాయి. దెబ్బతిన్న జనం 60 కోట్లకు పైన. అమెరికా జనాభా ఆనాడు సుమారు 31 కోట్లు. అంటే రెండు అమెరికాలంత చీకటి! అంతకుముందు రోజే ఉత్తర గ్రిడ్ ఒకసారి పడింది. రెండు రోజులూ బీనా, గ్వాలియర్ మధ్య 400 కిలోవోల్టుల లైన్ దగ్గరే కథ మొదలైంది. వందల రైళ్లు పట్టాల మీదే నిలిచాయి, ఢిల్లీ మెట్రో స్తంభించింది. తొలిరోజు అత్యవసర సేవల కోసం భూటాన్ జలవిద్యుత్తును కూడా తీసుకున్నారు.

ఆ చీకట్లో నిలిచిన అతి గట్టి గోడ

అదే రోజు విజయవాడ, సికింద్రాబాద్, చెన్నై రైళ్లు నడిచాయి! కారణం? దక్షిణాది గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఒకే లయలో కలవలేదు. విశాఖ గాజువాకలాంటి చోట్ల ఏసీ కరెంటును డీసీగా మార్చి, మళ్లీ ఏసీగా మార్చి దాటించేవారు. గాజువాక సామర్థ్యం 500, 500 కలిపి 1,000 మెగావాట్లు. కరెంటు దాటుతుంది, కంపం దాటదు. అందుకే ఉత్తరాది కూలినా మన దగ్గర తీగలు చావలేదు. చివరికి 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ మధ్య 765 కిలోవోల్టుల లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. దక్షిణాదికి కరెంటు తెప్పించుకునే దారి వెడల్పయింది. పాత గోడ మాత్రం తొలగింది.

తెలుగునాట అతి పెద్ద పరీక్ష

2013 అక్టోబరు 6. సమైక్యాంధ్ర ఉద్యమంలో సీమాంధ్ర విద్యుత్ ఉద్యోగులు సమ్మెకు దిగారు. 1,760 మెగావాట్ల విజయవాడ థర్మల్ కేంద్రంలో ఉత్పత్తి ఆగింది. విశాఖ, విజయవాడ మార్గాల్లో పట్టాలపై తీగకు కరెంటు కరవైంది. ప్యాసింజర్లు ఎన్నో రద్దయ్యాయి, ఎక్స్‌ప్రెస్‌లు గంటల కొద్దీ ఆలస్యమయ్యాయి. అప్పుడు రైల్వే ఏం చేసింది? షెడ్లలోంచి డీజిల్ ఇంజిన్లు తీసి ఎక్స్‌ప్రెస్‌లకు తగిలించింది! అక్టోబరు 10న సమ్మె విరమించారు. మూలనున్న పాత ఇంజిన్ విలువ ఆ ఐదు రోజుల్లో అందరికీ తెలిసింది.

అతి వింత త్యాగం

రైలుకు కరెంటు కావాలి. కరెంటుకు బొగ్గు కావాలి. బొగ్గుకు రైలు కావాలి! 2022 ఏప్రిల్‌లో ఈ గొలుసు బిగుసుకుంది. ఎండలు మండాయి, ఏప్రిల్ 29న దేశ విద్యుత్ డిమాండ్ 2,07,111 మెగావాట్లకు ఎగబాకి అప్పటికి రికార్డు కొట్టింది. థర్మల్ కేంద్రాల్లో నిల్వలు అడుగంటాయి. బొగ్గు రైళ్లకు దారి ఇవ్వడానికి 600కు పైగా ప్యాసింజర్ రైలు ట్రిప్పులను రద్దు చేశారు. గ్రిడ్ బతకడానికి రైళ్లు ఆగాయి.

రైలు కోసమే పుట్టిన అతి పెద్ద దేశీ కేంద్రం

బీహార్‌లో నబీనగర్. 250 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 1,000 మెగావాట్లు. ఎన్టీపీసీకి 74 శాతం, రైల్వేకు 26 శాతం వాటా. ఉత్పత్తిలో 90 శాతం రైల్వేకే! ఊళ్లలో కోత పెట్టే పంపిణీ సంస్థల వరుసలో నిలబడకుండా, సొంత కేంద్రం నుంచి గ్రిడ్ తీగల మీదుగా తన కరెంటు తాను తెచ్చుకునే ఏర్పాటిది.

అతి బలమైన సొంత నది

జపాన్‌లో జేఆర్ ఈస్ట్ రైల్వేకు షినానో నది మీద సొంత జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. కలిపి 449 మెగావాట్లు! మోర్గన్ ఫాల్స్‌కు 26 రెట్లకు పైన. కవాసాకిలో సొంత థర్మల్ కేంద్రం అదనం. 2011 మార్చి 11 భూకంపం, సునామీ తర్వాత టోక్యో ప్రాంతంలో వంతులవారీ కోతలు వచ్చాయి, చాలా రైళ్లు తగ్గాయి. ఆ కష్టకాలంలో రైల్వే సొంత కరెంటు కొండంత అండ అయింది. ఆ వేసవిలో స్టేషన్లలో దీపాలు తగ్గించి, ఏసీలు తగ్గించి, పగటిపూట రైళ్లు పలచబరిచి నెట్టుకొచ్చారు.

అతి వేగం రైలులో అతి నెమ్మది ఉపాయం

2020 జూలై 1న జపాన్ టొకైడో మార్గంలో ఎన్700ఎస్ షింకన్‌సెన్ వచ్చింది. వేగం గంటకు 285 కిలోమీటర్లు. పెట్టె అడుగున దాచుకున్నది లిథియం అయాన్ బ్యాటరీ. పైన తీగ చచ్చినా సొరంగంలోనో వంతెన మీదో చిక్కుకోకుండా బ్యాటరీ బలంతో నెమ్మదిగా జరిగి, జనం దిగగలిగే చోటికి చేరుతుంది. హైస్పీడ్ రైళ్లలో ప్రపంచంలో ఇదే తొలిసారి.

తీగ లేకుండా అతి దూరం

2021లో జర్మనీలో స్టాడ్లర్ కంపెనీ బ్యాటరీ రైలు ఒక్క చార్జింగుతో 224 కిలోమీటర్లు పోయి గిన్నిస్ రికార్డు కొట్టింది. 2025 ఆగస్టులో బ్రిటన్‌లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే బ్యాటరీ రైలు 200.5 మైళ్లు, అంటే దాదాపు 323 కిలోమీటర్లు పోయి దాన్ని దాటేసింది. హైదరాబాద్ నుంచి గుంటూరు చేరినా ఇంకా చార్జింగ్ మిగులుతుంది! హైడ్రోజన్ రైలుదైతే వేరే లోకం: 2024 మార్చిలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం ప్యూబ్లోలో స్టాడ్లర్ రైలు ఒక్క నింపుతో 2,803 కిలోమీటర్లు తిరిగింది. అన్నట్టు, అట్లాంటా మార్టాకు కొత్త పెట్టెలు చేస్తున్నదీ స్టాడ్లరే. ఆర్డరు 224 పెట్టెలు!

భూగర్భంలో చిక్కిన అతి పెద్ద జనసమూహం

1965 నవంబరు 9, సాయంత్రం 5:27. న్యూయార్క్ సబ్‌వేలో ఇంటికి పోయే వేళ. కెనడాలోని ఒక జలవిద్యుత్ కేంద్రంలో ఒకే ఒక్క రక్షణ పరికరం, రిలే, తప్పుగా స్పందించింది. 3 కోట్ల మందికి కరెంటు పోయింది. సబ్‌వేలో చిక్కినవారు 8 లక్షలు! 2003 ఆగస్టు 14న మళ్లీ చీకటి. ఈసారి అమెరికా, కెనడాల్లో కలిపి 5 కోట్ల మందికి. సబ్‌వే రైళ్లలో ఉన్నవారు 4 లక్షలకు పైన. కొన్ని గంటల్లోనే అందరినీ బయటకు నడిపించారు. పాత దెబ్బకు నేర్చిన విద్య కొత్త దెబ్బకు అక్కరకొచ్చింది.

అతి చిన్న పొరపాటు

5 ఆంపియర్ల రిలే ఉండాల్సిన చోట 1 ఆంపియర్ రిలే. అంతే తేడా! 2003 ఆగస్టు 28 సాయంత్రం దక్షిణ లండన్‌లో కరెంటు పోయింది. పోయింది 34 నిమిషాలే. కానీ అది ఆఫీసులు వదిలే వేళ. రైళ్లలో, స్టేషన్లలో లక్షల మంది చిక్కుకుపోయారు. చేతిలో పట్టేంత పరికరం మహానగరాన్ని పట్టి ఆపింది.

అతి పాత అత్యవసర కేంద్రం

లండన్ భూగర్భ రైళ్లకు లాట్స్ రోడ్‌లో సొంత విద్యుత్ కేంద్రం ఉండేది. 1905లో మొదలై 2002 అక్టోబరులో మూతపడింది. మూతపడిన పది నెలలకే పైన చెప్పిన చీకటి వచ్చింది! మిగిలింది గ్రీనిచ్ కేంద్రం. ఇది 1906లో ట్రాముల కోసం పుట్టింది. గ్రిడ్ మొత్తం పోతే భూగర్భంలోని జనాన్ని బయటకు తేవడానికి దీని గ్యాస్ టర్బైన్లు కాపలా కాస్తున్నాయి. వందేళ్లు దాటినా కొలువులోనే ఉంది.

అతి వేగంగా కూలిన గ్రిడ్

2025 ఏప్రిల్ 28, మధ్యాహ్నం 12:33. స్పెయిన్‌లో 15,000 మెగావాట్లు 5 సెకన్లలో మాయం! దేశం ఆ క్షణాన వాడుతున్నదాంట్లో 60 శాతం అది. తొమ్మిది శ్రీశైలాలు ఒక్కసారి ఆగినట్టు లెక్క. పోర్చుగల్ కూడా చీకటైంది. మాడ్రిడ్, లిస్బన్ మెట్రోలు ఆగాయి. నడిమార్గంలో నిలిచిన రైళ్లలోంచి 35 వేల మందిని కాపాడి దించారు. ఒంటరి పొలాల మధ్య ఆగిన హైస్పీడ్ రైళ్లకు నీళ్లు, తిండి మోసుకెళ్లారు.

అతి చిన్న కుదుపు, అతి పెద్ద తలనొప్పి

2019 ఆగస్టు 9, బ్రిటన్. పిడుగు పడింది, విద్యుత్ కేంద్రాలు ఒకదాని వెంట ఒకటి జారాయి. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 నుంచి 48.8 హెర్ట్జ్‌కు తగ్గింది. తగ్గింది రెండున్నర శాతంలోపే! కానీ ఒక రకం కొత్త రైళ్ల సాఫ్ట్‌వేర్ 49 కంటే తగ్గగానే ఇంజిన్‌ను ఆపేసింది. సుమారు 60 రైళ్లు మొరాయించాయి. కరెంటు ముప్పావుగంటలో అందరికీ తిరిగొచ్చింది. కొన్ని రైళ్లను మాత్రం టెక్నీషియన్ ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి లేపాల్సి వచ్చింది. ప్రయాణికుల అవస్థ రాత్రి దాకా సాగింది.

దేశం మొత్తం ఆగిన రైల్వే

స్విట్జర్లాండ్ రైళ్లు గడియారం కంటే నిక్కచ్చి అంటారు. 2005 జూన్ 22 సాయంత్రం ఆ రైల్వే మొత్తం ఆగింది. సుమారు 1,500 రైళ్లు, 2 లక్షల ప్రయాణికులు! విశేషమేంటంటే దేశంలో కరెంటు పోలేదు. పోయింది రైల్వేకున్న సొంత 16.7 హెర్ట్జ్ గ్రిడ్‌లో. నిర్మాణ పనుల కోసం కొన్ని లైన్లు ఆపారు. మిగిలినది బరువు మోయలేక తెగింది. సొంత కరెంటు ఉంటే చాలదు, అది వచ్చే దారులు కూడా రెండు మూడు ఉండాలి.

అతి తెలివైన పొదుపు

ఆ స్విస్ రైల్వేనే మరో విద్య కనిపెట్టింది. గంట కొట్టగానే దేశమంతటా రైళ్లు ఒకేసారి బయల్దేరుతాయి. ఒకేసారి కరెంటు గుంజుతాయి. ఆ కొద్ది నిమిషాలు రైలు పెట్టెల్లో హీటర్లు, మంచు కరిగించే పట్టాల హీటర్లు కంప్యూటర్ ద్వారా ఆపేస్తారు. పెట్టె అప్పటికే వెచ్చగా ఉంటుంది కాబట్టి ప్రయాణికుడికి తేడా తెలియదు. గ్రిడ్‌కు మాత్రం ఊపిరి అందుతుంది.

రెండు దేశాల కరెంటు తాగే సొరంగం

ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య సముద్రం కింద ఛానల్ టన్నెల్. నిడివి 50.45 కిలోమీటర్లు, తీగలో 25 కిలోవోల్టులు. ఒక చివర ఫోక్‌స్టన్‌లో బ్రిటన్ కరెంటు, మరో చివర కొకెల్‌లో ఫ్రాన్స్ కరెంటు. ఒక దేశం గ్రిడ్ పడితే రెండో దేశం మొత్తం సొరంగాన్ని మోయగలదు. రెండో దారికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉందా!

అతి ముసలి ఫ్రీక్వెన్సీ

అమెరికా అంతా 60 హెర్ట్జ్. న్యూయార్క్ నుంచి వాషింగ్టన్ దాకా ఆమ్‌ట్రాక్ రైళ్లు మాత్రం ఇప్పటికీ 25 హెర్ట్జ్ మీద! పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వేసిన పాత తీగల వారసత్వం అది. సస్క్వెహానా నదిపై 1931లో మొదలైన సేఫ్ హార్బర్ ఆనకట్ట ఆ 25 హెర్ట్జ్ కరెంటును నేరుగా పుట్టిస్తుంది. పాతది కాబట్టి ప్రమాదమూ ఉంది. 2006 మే 25 ఉదయం ఈ వ్యవస్థ పడిపోయి వేల మంది సొరంగాల్లో, నడిదారిలో ఇరుక్కున్నారు.

సూర్యుడి నుంచి సూటిగా పట్టాకు

2019 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని ఆల్డర్‌షాట్ దగ్గర 30 కిలోవాట్ల సోలార్ పలకలు గ్రిడ్‌తో పనిలేకుండా నేరుగా రైలు మార్గానికి కరెంటిచ్చాయి. ఏడాదికే మన బీనా రంగంలోకి దిగింది. 1.7 మెగావాట్లు! 56 రెట్లు పెద్దది. ఎండ కరెంటును 25 కిలోవోల్టుల రైలు తీగకు నేరుగా ఎక్కించారు. 2012లో దేశాన్ని చీకట్లో ముంచిన లైను మొదలయ్యేది బీనాలోనే. ఎండతో రైలును నడిపే పరీక్షకూ అదే వేదికైంది.

గాలితో నడిచే అతి పెద్ద బండి

నెదర్లాండ్స్‌లో 2017 జనవరి 1 నుంచి కరెంటు రైళ్ల వాడకమంతటికీ గాలిమరల కరెంటే కొనడం మొదలుపెట్టారు. 2018కి చేరాలనుకున్న గమ్యం ఏడాది ముందే అందింది. అప్పట్లో రోజుకు సుమారు 6 లక్షల ప్రయాణికులు. ఒక గాలిమర గంటసేపు తిరిగితే రైలు 120 మైళ్లు పోతుందని రైల్వే లెక్క.

బ్రేకు నుంచి కరెంటు

రైలు ఆగేటప్పుడు మోటారే జనరేటరై కరెంటును తిరిగి తీగలోకి పంపుతుంది. పక్క రైలు దాన్ని అందుకుంటుంది. ఇలా మిగిల్చినందుకు ఐక్యరాజ్యసమితి పథకంలో కార్బన్ క్రెడిట్లకు నమోదైన తొలి రైల్వే ఏది? 2007లో మన ఢిల్లీ మెట్రో! హైదరాబాద్ మెట్రోదీ ఇదే విద్య. 2017 నవంబరులో మొదలైన ఆ మెట్రో నేడు 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు. ఉప్పల్, మియాపూర్, యూసుఫ్‌గూడ, ఎంజీబీఎస్‌లలో నాలుగు రిసీవింగ్ సబ్‌స్టేషన్లు. ఒకటి తప్పుకుంటే పక్కది భారం మోస్తుంది. స్టేషన్ల కప్పుల మీద, డిపోల్లో సోలార్ పలకలు అదనం.

తుది తీర్పు

లెక్కలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కిరీటం అతి పెద్ద విద్యుత్ కేంద్రానికి దక్కదు. నేడు 4,500 మెగావాట్ల కేంద్రం ఉన్న రాష్ట్రంలోనే 2017లో విమానాశ్రయం 11 గంటలు చీకటైంది. రెండో దారి ఉన్నవాడిదే గెలుపు: రెండో దేశం, సొంత నది, రైలు అడుగున బ్యాటరీ, షెడ్డులో డీజిల్ ఇంజిన్, పక్క సబ్‌స్టేషన్. అల్ఫారెట్టా చుట్టూ డేటా సెంటర్లు పెరుగుతున్న కొద్దీ గ్రిడ్ మీద బరువూ పెరుగుతోంది. జార్జియా 400 హైవే దారిలో రవాణా మీద బహిరంగ చర్చ జరిగినప్పుడల్లా తెలుగువాళ్లు వెళ్లి ఒక్క ప్రశ్న తప్పక అడగాలి: కరెంటు పోతే ఏర్పాటేంటి?

ఇక ప్రయాణికులకు ఒక్క మాట. నార్త్ స్ప్రింగ్స్‌లో ఎక్కినా, న్యూయార్క్‌లో ఎక్కినా, నడుమ రైలు ఆగి దీపాలు ఆరిపోతే తలుపు మీరే తీసి పట్టాల మీదకు దిగకండి. కరెంటు ఏ క్షణమైనా తిరిగి రావచ్చు, థర్డ్ రైల్‌ను తాకితే ప్రాణం పోతుంది. పెట్టెలోనే ఉండండి, పిల్లలను పెద్దలను దగ్గర పెట్టుకోండి, సిబ్బంది చెప్పిన దారినే నడవండి.